ఓబులమ్మ బొంత

చమేలి తిండి మానేసి ఆ రోజుకి నాలుగో రోజు.

చమేలి ఆడపులి. సర్కసు నుంచి విడిపించి తెచ్చారు. ఇట్లాంటి పులులు, సింహాలు మా దగ్గర పద్నాలుగున్నాయి. బోర్డు మీద సంరక్షణ కేంద్రమని రాసుంది గానీ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పులుల ఆశ్రమం అంటారు. ఆశ్రమమన్నాక గురువు ఉండాలి గదా! ఆయన దస్తగిరి తాత. ముప్పై ఏళ్ళుగా పులులకి తిండి పెడుతున్న మనిషి. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు.

ఓబులమ్మ ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. నలభై దాటినాయి. మూడేళ్ళు మాంసం కోసి, నీళ్ళు మోసినాక, వారం కిందటే మొదటిసారి ఒక జంతువు ఆమె చేతికొచ్చింది. అదే చమేలి. ఇక చూడాలి ఆమె శుభ్రం! పొద్దున్నే పులిని పక్క బోనులోకి తోలి, తలుపు దించి, నేలా గోడలూ ఫినాయిలు పోసి రుద్దేది. బోను తళతళలాడిపోయేది. వచ్చినవాళ్ళందరికీ చూపించుకునేది కూడా.

పులి మాత్రం లోపలికి రాగానే గోడలు వాసన చూసేది. మూలకి పోయి తోకెత్తి ఉచ్చ చిమ్మేది. తర్వాత ఇక రోజంతా అటూ ఇటూ తిరగడమే. పెట్టిన మాంసం పెట్టినట్టే ఎండిపోయేది.

డాక్టరు వచ్చి చూశాడు. "రోగమేమీ కనపడదు. రెండు రోజులు చూసి, మత్తిచ్చి సెలైను పెడదాం. ఈ వయసులో మత్తిస్తే మళ్ళీ లేస్తుందో లేదో చెప్పలేను" అన్నాడు.

అది విని ఓబులమ్మ చీపురు అక్కడే పడేసింది. నేరుగా తాత దగ్గరికి పోయింది.

"తాతా, నేనేం తక్కువ చేసినా దానికి? పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకుంటి గదా!"

"ఆ మూల గోడ కడగాకు మే, రెండు దినాలు."

"కంపు కొడతాది తాతా! మురికి వదిలిపెట్టమని మా అమ్మ నాకు నేర్పలా."

ఓబులమ్మ పోయి ఆ మూలకే ఇంకో బకెట్టు ఎక్కువ పోసి కడిగింది. మొండిఘటం, ఏం చేస్తాం!

అన్నాలయ్యాక స్టోరు వరండాలో గంటసేపు పడుకోవడం ఆమెకి అలవాటు. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టుకున్న బొంత ఒకటుంది. దాన్ని ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. మర్నాడు మధ్యాహ్నం పోయి చూస్తే అది తీగ మీద ఆరేసి ఉంది. రోళ్ళు పగిలే ఎండ, అప్పటికే ఎండిపోయింది. తీసి పరుచుకుని పడుకుంది. ఇటు దొర్లింది, అటు దొర్లింది. కొస ముఖం మీదికి లాక్కుని, చటుక్కున తోసేసి లేచింది.

"ఎవురు నా బొంత ముట్టింది?"

ఆ అరుపుకి మాంసం గదిలో ఉన్న మేమంతా బయటికొచ్చాం.

"నేనే మే" అన్నాడు తాత. "తెల్లారే ఉతికినా. ఫినాయిలు కూడా ఏసినా."

"నిన్నెవురు ఉతకమనింది?"

"ఏం, శుభ్రంగా లేదా?"

"నీ శుభ్రం మన్నుబడ! పన్నెండేళ్ళ బొంత అది. యాడికి పోయినా అది పరుచుకుంటేనే నా ఇంట్లో ఉన్నట్టుంటాది. ఇప్పుడు దీంట్లో నా వాసనే లేదు. నాకింక నిద్ర ఎట్లా..."

అక్కడ ఆగిపోయింది. చమేలి బోను వైపు తిరిగి చూసింది.

ఆ మర్నాడు పొద్దున ఆమె ఫినాయిలు డబ్బా ముట్టలేదు. పెంట ఎత్తేసింది, ఎండిన మాంసం తీసేసింది, నేల ఉత్త నీళ్ళతో కడిగింది. మూల గోడ ముందుకొచ్చి, చీపురు పట్టుకుని కాసేపు నిలబడింది. చెయ్యి ఊరుకోదు పాపం, మాకు తెలుసు. అయినా వెనక్కి వచ్చేసింది.

తలుపు ఎత్తాం. చమేలి నేరుగా మూలకి పోయింది. గోడ వాసన చూసింది. మూతి ముడిచి, నోరు కొంచెం తెరిచి, ఇంకోసారి చూసింది. తర్వాత దవడ ఆ గోడకి ఆనించి నిదానంగా రుద్దుకుంది. అటూ ఇటూ తిరగలేదు. వచ్చి మాంసం ముందు పడుకుని, ముందు నాకింది. కాసేపటికి ఎముక విరిగిన చప్పుడు వినపడింది.

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఇంకా దగ్గరికి పోయి చూడబోతే, తాత ఆమె చేతిలోంచి చీపురు తీసుకున్నాడు.

"వాళ్ళింట్లో ఆయమ్మ అన్నం తింటాంది. గుడ్లప్పగించి చూస్తావేంది? దిష్టి తగులుతాది. పా అవతలికి."