అడగని దీపం

మా మేనత్త సుభద్రమ్మగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేది కాదు, పని చెప్పేది. దేవుడు నాకెందుకు కనిపించడు అమ్మగారూ అని ఒక ముసలావిడ అడిగితే, చేటలో బియ్యం పోసిచ్చి రాళ్లేరమందట. చేట తిరిగొచ్చేసరికి రాళ్లు రాళ్లలాగే ఉన్నాయి. ఆ ముసలావిడకి కళ్లజోడు కొనిపించడంతో ప్రశ్న తీరిపోయిందని మా నాన్న నవ్వుతూ చెప్పేవాడు. చూడామణి అడిగినదానికి అత్తయ్య చెప్పిన పని మాత్రం అంత తేలిగ్గా ముగియలేదు.

ఏటా వైశాఖంలో నరసింహ జయంతికి ముందురోజు అత్తయ్య ఇంట్లో ఏకాహం జరిగేది. సూర్యోదయాన వెలిగించిన అఖండం మర్నాటి సూర్యోదయం దాకా వెలుగుతూనే ఉండాలి. తెల్లారాక అందరూ మెట్ల దారిన కొండెక్కి స్వామిని చూసి వస్తారు. అఖండం పెట్టే ఇత్తడి కుంది మా తాతమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, నిలబడితే నా ఛాతీ దాకా వస్తుంది. ఆ దీపం గురించి మా ఇంట్లో మాట కూడా జాగ్రత్తగా మాట్లాడాలి. చిన్నప్పుడొకసారి దేవుడి గదిలో "దీపం ఆరిపోయింది" అని అరిచినందుకు మా నాయనమ్మ నన్ను నోరు కడుక్కు రమ్మంది. దీపం ఆరదు, కొండెక్కుతుంది. అలాగే అనాలి.

చూడామణి అత్తయ్య దగ్గర స్తోత్రాలు నేర్చుకునే ఆడవాళ్లలో ఒకతె. మంచి గొంతు, భారీ మనిషి. చక్కెర జబ్బు ఉంది, మోకాళ్ల నొప్పి ఉంది. ఆ ప్రశ్న అడగడానికి ముందు ఏడు సగం మెట్ల దగ్గర కూలబడిపోతే డోలీలో కిందికి దింపారు. "స్వామికి గరుడసేవ, మా వదినకి డోలీసేవ" అని ఆడపడుచు పెళ్లిపేరంటాలన్నిటిలోనూ చెప్పి నవ్వించింది. చూడామణి ఆ మాట మరిచిపోలేదు. వచ్చే ఏడు నా కాళ్లమీద నేనెక్కుతాను అని మొక్కుకుంది. డాక్టరమ్మ బరువు తగ్గడానికి వారం వారం వేసుకునే ఇంజక్షన్ రాసింది. మనిషి నిజంగానే తగ్గింది. జాకెట్లు రెండుసార్లు కుట్టించుకుంది, మోకాళ్లు తేలికపడ్డాయి. కానీ ముఖంలో కళ తప్పింది. స్తోత్రం మధ్యలో ఆగి గోడకి ఆనుకునేది. ఇంతకుముందు ఊపిరి పట్టి చదివే పద్యాన్ని ఇప్పుడు ముక్కలు చేసి చదివేది.

ఏడాది తిరిగి ఏకాహం వచ్చింది; ఆ రోజు మధ్యాహ్నం చూడామణి వచ్చి, అత్తయ్య కాళ్లకి దణ్ణం పెట్టి లేవబోయి, లేవలేక అక్కడే కూర్చుంది. కూర్చునే అడిగింది.

"అమ్మగారూ, ఆకలిని గెలిచినవాళ్లకి తేజస్సు వస్తుందని మీరే చెప్పారు. నాకు ఆకలి పూర్తిగా పోయింది. అన్నం వైపు మనసే పోవడం లేదు. స్వామి దయ అనుకున్నాను. మరి ఈ నీరసం ఎందుకు?"

"ఎప్పుడు తిన్నావు?" అంది అత్తయ్య.

"నిన్న పొద్దున్న కాస్త మజ్జిగ తాగాను. ఇవాళ ఉపవాసం. శనివారాలూ ఏకాదశులూ కూడా ఉంటున్నాను. ఇదివరకు ఉండలేకపోయేదాన్ని, ఇప్పుడు కష్టమే తెలియడం లేదు."

"డాక్టరమ్మ ఏమంది?"

చూడామణి కొంగు సర్దుకుంది. "పప్పో పెరుగో కొంచెం కొంచెంగా తింటూనే ఉండమంది. నీళ్లు తాగమంది. మరీ నీరసంగా ఉంటే ఫోన్ చెయ్యమంది."

"చేశావా?"

"చేస్తే ఇంజక్షన్ ఆపేస్తుందేమోనండీ. రేపు కొండెక్కాలి కదా."

"లోపలికెళ్లి రెండు ముద్దలు పెరుగన్నం తిను" అంది అత్తయ్య. చూడామణి చెవులు మూసుకుంది. "మొక్కు, అమ్మగారూ. కొండ దిగేదాకా మెతుకు ముట్టనని స్వామి పటం ముందు అనుకున్నాను. మీరు మాత్రం తినమనకండి."

అత్తయ్య మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తరవాత నేతి గిన్నె తెచ్చి ఆవిడ పక్కన పెట్టింది. "అయితే ఈ పూట అఖండం నీది. కనిపెట్టుకుని కూర్చో. దానికి కావలసింది పెడుతూ ఉండు. అది నోరు తెరిచి అడగదు, మరిచిపోకు."

ఇంతే. అత్తయ్య వెళ్లి భజన చేసేవాళ్లలో కూర్చుంది. కానీ దీపానికి ఎదురుగా కూర్చుంది.

వైశాఖపు ఎండ. దీపం రెపరెపలాడుతుందని హాల్లో ఫ్యాను ఆపేశారు. నేను వంటింటి గడపలో కూర్చుని పానకంలోకి మిరియాలు నూరుతున్నాను. అక్కడినుంచి చూడామణి వీపు, దీపం, అవతల అత్తయ్య ముఖం కనిపిస్తున్నాయి. దీపం కొంచెం కుంగినప్పుడల్లా చూడామణి కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాచి, ఇత్తడి పుల్లతో ఒత్తిని పైకి ఎగదోసేది. జ్వాల ఒక్కసారి లేచేది. ఆవిడ తృప్తిగా చెయ్యి ఒళ్లో పెట్టుకునేది. మళ్లీ కుంగేది. మళ్లీ ఎగదోసేది. కుంది ఎత్తు, కూర్చున్న మనిషికి ప్రమిదలో ఏముందో కనిపించదు. చూడాలంటే లేవాలి. ఆవిడ లేవలేదు. నేతి గిన్నె మీద మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.

నాకు లోపల గాభరా మొదలయింది. లేచి వెళ్లి నెయ్యి పోయబోతే అత్తయ్య కళ్లతోనే వద్దంది. ఆవిడ పెదవులు నామం పలుకుతున్నాయి, చూపు మాత్రం చూడామణి మీద ఉంది, దీపం మీద లేదు.

ఒకసారి ఎగదోసేసరికి జ్వాల జానెడు లేచింది. "అబ్బ, ఎంత బాగా వెలుగుతోందో!" అని ఎవరో భజన మధ్యలో అన్నారు. ఆ వెంటనే అంచున నల్లటి పొగ వచ్చింది. మాడిన వాసన. వెలుగు నీలంగా మారి, ఒత్తి కొసకి గోరంతయి అంటుకుంది.

"అమ్మగారూ, కొండెక్కేస్తోంది!" అని కేకవేస్తూ చూడామణి ఒక్క ఉదుటున లేచింది. లేచినంత వేగంగానూ ఒళ్లు తూలింది. కళ్లు తేలిపోయాయి. చెయ్యి గాలిలో దేనికోసమో వెతికి, ఆ ఎత్తు కుంది మీదికే వాలింది.

అత్తయ్య అప్పటికే లేచి చూడామణి పక్కకి వచ్చేసింది. నేతి గిన్నె ఆవిడ కాలి పక్కనే ఉంది. వంగి ఒక్క చెంచా పోస్తే దీపం నిలిచేది. ఆ ఇంట్లో ఏ ఏడాదీ కొండెక్కని అఖండం అది. మామయ్య మంచం పట్టిన ఏడు కూడా ఆవిడ దాన్ని కాపాడుకుంది. అత్తయ్య గిన్నె వైపు చూడనైనా చూడలేదు. రెండు చేతులతో చూడామణిని చుట్టి పట్టుకుని, కుందిని భుజంతో అవతలికి నెట్టి, ఆ భారంతో పాటు తనూ నేలమీద కూలబడింది.

దీపం కొండెక్కింది.

భజన ఆగిపోయింది. తాళాలు పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఉండిపోయాయి. "అఖండం..." అంది ఎవరో, ఏడుపు గొంతుతో.

"పానకం తే" అంది అత్తయ్య నాతో.

"ఇంకా నివేదన కాలేదత్తయ్యా."

"ఇప్పుడవుతోంది. తే!"

చూడామణి కళ్లు తెరిచి, మింగగలనని తలూపేదాకా ఆగింది అత్తయ్య. అప్పుడు పూజలోని ఉద్ధరిణి తీసుకుని, తల ఒళ్లో పెట్టుకుని, పానకం కొద్దికొద్దిగా పెదవులకి అందించింది. నేను గ్లాసు ఎత్తబోతే వారించింది. "ఒక్కసారే పోస్తే మునుగుతుందే. ఒత్తి తడిసేటట్టు పొయ్యాలి." నేను ఫ్యాను వేశాను. చూడామణి సంచిలోంచి ఫోన్ తీసుకుని డాక్టరమ్మకి చేశాను. ఆవిడ అన్నీ అడిగి, నన్నే కోప్పడింది. "తెలివి తప్పినట్టుంటే ఇప్పుడే తీసుకురండి, తేరుకున్నా సాయంత్రం లోపు నేను చూడాలి, తర్వాతి ఇంజక్షన్ నేను చెప్పేదాకా వెయ్యొద్దు" అంది. రేపు కొండ సంగతి చెప్పబోతే మాట పూర్తి కాకుండానే వద్దంది.

కాసేపటికి చూడామణి ముఖంలోకి నెత్తురొచ్చింది. అత్తయ్య ఆవిడని మెల్లగా గోడకి ఆనించి, కుందిలోని ప్రమిద తీసి చేతికిచ్చింది. ప్రమిద ఎండిపోయి ఉంది. ఒత్తి మొదలంటా బొగ్గయింది.

"పక్కనే గిన్నెడు నెయ్యి పెట్టాను కదమ్మా. ఎందుకు పొయ్యలేదు?"

"వాసన పడడం లేదమ్మగారూ" అంది చూడామణి, తల దించుకుని. "ఆ ఇంజక్షన్ మొదలుపెట్టినప్పటినుంచీ నెయ్యి మూత తీస్తే కడుపులో తిప్పుతోంది. ఎగదోస్తుంటే వెలుగుతోంది కదా అని..."

"నీకు పడలేదని దానికీ పస్తు పెట్టావా?"

ఆ మాటకి ఎవరో కిసుక్కుమన్నారు. చూడామణి కూడా నవ్వబోయింది, నవ్వు మధ్యలో ఏడుపయింది. ఆ బొగ్గు ఒత్తిని వేలితో తాకి, నల్లబడ్డ వేలిని చాలాసేపు చూసుకుంది. తరవాత నా వైపు తిరిగి అంది, "కాస్త పెరుగన్నం ఉందా వదినా? మెత్తగా కలిపి తెస్తావా? కొంచెమే."

నేను తెచ్చాను. ఒక్కొక్క చెంచా తింటూ, మధ్యలో ఆగుతూ, మళ్లీ తింది. గిన్నె సగమైనా కాలేదు. ఎవరూ ఇంకొంచెం తినమనలేదు. నేను ఫోన్ చేస్తే వాళ్లాయన స్కూటరు మీద ఆదరాబాదరాగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అత్తయ్య ఆయనతో, "ఆటో పిలు నాయనా, స్కూటరొద్దు" అంది.

గడప దాకా వెళ్లి చూడామణి ఆగిపోయింది. చల్లారిన కుంది వైపు చూస్తోంది. దాని కింది ముగ్గు చెదిరి ఉంది, భజన ఇంకా మొదలవలేదు.

"నా మొక్కు పోతే పోయిందమ్మగారూ. రేపు నేను రాను. కానీ ఇన్నేళ్ల మీ అఖండం నా చేతుల్లో కొండెక్కిందే! గిన్నె మీ కాలి దగ్గరే ఉంది. ఒక్క చెంచా పోసి అప్పుడు నన్ను పట్టుకోకూడదా?"

అత్తయ్య అప్పటికే కుందిని చోటికి జరిపి ప్రమిద తుడుస్తోంది. కొత్త ఒత్తి వేసింది. వేలితో నొక్కి, అది తడిసేదాకా నెయ్యి పోసింది. తల ఎత్తకుండానే అంది:

"దీపం కొండెక్కితే అగ్గిపెట్టె ఉందమ్మా."