కూర్మయ్య గారి ఆనపబుర్రలు

గోదారి పాయ ఒడ్డున, రెల్లుపొదల వెనకాల ఒక రేవు ఉండేది. ఆ రేవులో బాతు సూరమ్మ దోనె నడిపేది. తాటిమొద్దు తొలిచి చేసిన ఆ దోనె ఆవిడ నాయనమ్మ నాటిది. పొద్దున్నే దోసెడు నీళ్ళు కళ్ళకద్దుకుని, "తల్లీ, అందరినీ చల్లగా చూడు" అనుకుని దోనె నెట్టే గెడ పట్టేది. కోళ్ళనీ మేకల్నీ అవతలి లంకలో దింపి, పొద్దువాలేసరికి తిరిగి తెచ్చేది.

ఆ ఏడు లంకలో జొన్నకోతలు అయిపోయాయి. చేలో రాలిన గింజలు ఏరుకున్నవాళ్ళకు ఏరుకున్నన్ని. కాని ఎల్లుండే నాగళ్ళు దిగుతాయి, గింజంతా మట్టిలో కలిసిపోతుంది. కోడిపిల్లలు కడుపునిండా తినేది ఏడాదికి ఈ ఒక్కసారే.

సరిగ్గా అప్పుడే కోడి నాగరత్నం తోక తడిసింది. దోనె దిగుతూ కాస్త ఒరిగింది, అంతే. కాని ఆవిడ పెట్టిన కేకలకు రేవంతా పోగైంది.

రేవు పెద్ద తాబేలు కూర్మయ్య. చెడ్డవాడేం కాదు, ఆకు రాలినా తల డొప్పలోకి లాక్కునే రకం. నెమ్మదిగా గట్టెక్కి గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ తోక తడిసింది, రేపు తలే తడుస్తుంది. ఇకనుంచి నీళ్ళలో దిగే ప్రతి ప్రాణీ మునక్కుండా ఒంటికి ఎండు ఆనపబుర్రలు కట్టుకోవాలి. రెల్లు కదిలితే దోనె కదలకూడదు. కదిలేముందు నేనొచ్చి దోనె అడుగు తట్టి చూడాలి."

"గోదారి గట్టున రెల్లు కదలని పూట ఉంటుందాండీ?" అన్నాడు మేక వీర్రాజు గడ్డం ఊపుతూ. "అంత గాలి ఆడకపోతే ముందు మనమే పోతాం."

"పోయేదేదో గట్టు మీదే పోదువుగాని" అన్నాడు కూర్మయ్య.

సూరమ్మ మెల్లగా అడిగింది. "పిల్లలకైతే సరే. బాతుకి బుర్రలేమిటండీ?"

"బాతు నీళ్ళలో దిగదా?"

"దిగుతుంది."

"మరి కట్టుకో."

కట్టుకుంది. నత్త కోసం తల ముంచబోతే బుర్రలు ఆవిడను పైకి తన్నేశాయి. గట్టు మీద పిల్లకోళ్ళు పడీపడీ నవ్వాయి. పొద్దుగూకేదాకా రెల్లు ఊగుతూనే ఉంది, దోనె రేవులోనే ఉంది. ఆకలికి పిల్లలు ఏడ్చీ ఏడ్చీ పడుకున్నాయి. ఆ ఏడుపు వింటూ సూరమ్మ, 'ఈయనకు చెబితే వినడు, చూపించాలి' అనుకుంది.

తెల్లవారగానే కూర్మయ్య ఎదుట వినయంగా నిలబడింది.

"మీరన్నది నిజమేనండి. రాత్రంతా మీ గురించే దిగులు."

"నా గురించా?"

"రోజూ లంకకు ఈదుకుంటూ వెళ్తారు, ఒంటిమీద ఒక్క బుర్ర లేకుండా. జరగరానిది జరిగితే ఈ రేవుకి దిక్కెవరండీ?"

"అవునండోయ్!" అని గొంతు కలిపాడు వీర్రాజు. "మా తోకలు తడిసినా మళ్ళీ ఆరతాయి. పెద్దాయన పోతే మళ్ళీ వస్తారా?"

కూర్మయ్య మెడ మూరెడు సాగింది. "కట్టండి మరి" అన్నాడు. డొప్పకు అటు రెండూ ఇటు రెండూ పెద్ద పెద్ద బుర్రలు ఏరి మరీ కట్టింది సూరమ్మ.

ఆయన ఠీవిగా నీళ్ళలో దిగాడు. ఎప్పుడూ నీటి అడుగునే ఈదుతూ దాటే ప్రాణి, మునగబోతే బుర్రలు మునగనిస్తేనా! తల ముంచితే వెనక లేస్తోంది, వెనక ముంచితే తల లేస్తోంది. ఇంతలో గాలి బుర్రలకు తగిలింది. తెరచాప ఎత్తినట్టు కూర్మయ్య దిగువకు సాగిపోయాడు. దిగువనేమో మనుషులు పన్నిన వల ఉంది.

"సూరమ్మా! దోనె! దోనె తీసుకురా!"

"రావాలనే ఉందండీ. రెల్లు కదులుతోంది కదా!"

"కదలనీ! ఆ మాట తీసేశాను!"

"సంతోషమండీ. మరి దోనె అడుగు తట్టాలి. తట్టేవారు తమరే, తమరేమో అక్కడున్నారు!"

"అదీ తీసేశాను తల్లీ!"

"మరి బుర్రల సంగతో?"

వల కర్రలు కనబడుతున్నాయి. "బుర్రల్ని గోదాట్లో కలిపెయ్!" అని అరిచాడు కూర్మయ్య.

నిజానికి ఆయన మొదటి కేకకే సూరమ్మ దోనెలో ఉంది. అడుగుతూనే దోనె కట్టు విప్పింది, అడుగుతూనే గెడ వేసింది. చివరి మాట ఆయన నోట్లో ఉండగానే పక్కకు చేరి ముక్కుతో తాళ్ళు తెంపేసింది. కూర్మయ్య బుడుంగున మునిగాడు. పుట్టి బుద్ధెరిగాక మునిగినందుకు అంత సంతోషించింది అదే మొదలు.

కాసేపటికి దోనె అంచు పట్టుకుని తల పైకెత్తాడు. "ముందే గెడ వేశావన్నమాట."

"వెయ్యకుండా ఉంటానాండీ? పెద్దవారు."

ఆ పూటే దోనె లంకకు బయల్దేరింది. ఈత రాని పిల్లకోళ్ళకు మాత్రం సూరమ్మే చిన్న చిన్న బుర్రలు కట్టింది. "దోనెలో నిలబడకండి, కూర్చోండి. మా నాయనమ్మ చెప్పింది ఆ ఒక్కటే" అంది. రెల్లు ఊగుతూనే ఉంది. నాగరత్నం తోక మళ్ళీ తడిసింది. పిల్లల నోట్లో జొన్నగింజలు చూసుకుంటూ ఆవిడ ఆ సంగతే గమనించలేదు.

ఎదుటివారికి కట్టే బుర్రను ముందు మనం కట్టుకుని నీళ్ళలో దిగి చూడాలి.