గేటు దగ్గర కుర్చీ

వినీలకు పట్టరాని కోపంగా ఉంది. పొద్దున్న ల్యాబ్‌కు వస్తుంటే గేటు దగ్గర మళ్లీ జనం. ఒకాయన ఆమె స్కూటీకి అడ్డం నిలబడి స్కానింగ్ కవరు చాపాడు. హారన్ మోగించుకుంటూ పక్కనుంచి లోపలికి వచ్చేసింది.

ఇదంతా పోయిన వారం పేపర్లో పడిన వార్త వల్ల.

క్యాన్సర్ గడ్డను పెంచే జన్యువు ఒకటి ఉంటుంది. దాని నోరు నొక్కే మందును వినీల కంటికి ఆనని బంగారు నలుసులకు అంటించి ఎలుకల ఒంట్లోకి ఎక్కించింది. గడ్డలు కరిగాయి. ఏళ్ల తరబడి పడ్డ కష్టం అది. విలేకరి ఫోన్ చేస్తే ఉత్సాహం పట్టలేక గంటసేపు చెప్పింది. మర్నాడు ‘క్యాన్సర్‌ను కరిగించే బంగారం’ అని పెద్దక్షరాలతో వచ్చింది. పక్కన నవ్వుతున్న వినీల ఫొటో. ఎలుకల సంగతి ఎక్కడో చివర్లో ఒక్క ముక్క.

ఆ రోజు ఆమె కాపీలు కొని చుట్టాలందరికీ పంచింది. ఆ తర్వాత రోజు నుంచే జనం రావడం మొదలుపెట్టారు.

ఆమె నేరుగా జకరయ్య గారి గదికి వెళ్లింది. ల్యాబ్‌కు పెద్ద ఆయనే. చుక్కలు కొలిచే పిపెట్ ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి ఆమెకు నేర్పింది ఆయనే. మాట పొదుపు మనిషి.

“సర్, సెక్యూరిటీ వాళ్లకు మీరైనా గట్టిగా చెప్పండి. ఒక్కణ్ణి కూడా గేటు దగ్గర నిలబడనివ్వొద్దని. ఏం మనుషులు సర్ వీళ్లు! ఎవడో ఏదో రాస్తే మూటాముల్లె సర్దుకుని వచ్చేయడమేనా?”

“వాళ్లతో మాట్లాడావా?”

“నేనేం మాట్లాడతాను? నేను డాక్టర్ని కాదు.”

“విలేకరితో మాట్లాడావుగా.”

వినీల ముఖం ఎర్రబడింది. జకరయ్య లేచి, తను కూర్చున్న కుర్చీనే రెండు చేతులా ఎత్తుకుని బయటికి నడిచాడు. ఆమెకేమీ అర్థం కాక వెనకే వెళ్లింది. ఆయన గేటు దాటి, ప్రహరీ నీడలో కుర్చీ వేశాడు.

“కూర్చో.”

“సర్?”

“కూర్చో,” అనేసి లోపలికి వెళ్లిపోయాడు.

అందరికంటే ముందు వచ్చినాయన పేరు కోటిలింగం. మార్కాపురం దగ్గర పలకల క్వారీలో రాయి కొట్టే మనిషి. భార్యకు రొమ్ము క్యాన్సర్. ఆయన వినీల ముందు గొంతుక్కూర్చుని రుమాలు ముడి విప్పాడు. లోపల ఒక జత కమ్మలు, రెండు పుస్తెలు, అరిగిపోయిన ఉంగరం.

“బంగారం మీకు మాత్రం ఎక్కడ్నుంచి వస్తదని మాదే తెచ్చినా తల్లీ. మా ఇంటిదే తీసిచ్చింది. దీంతో చేసియ్యండి ఆ మందు.”

వినీలకు ఒళ్లు మండిపోయింది.

“ఏమిటండీ ఇది? నగలు కరిగించి చేసే మందనుకున్నారా? వార్త మొత్తం చదివారా అసలు? చివర్లో రాశారు, ఎలుకల మీదని!”

“నాకు చదువు రాదమ్మా. టీకొట్టు కాడ చదివి చెప్పినారు.”

“మనుషులకు ఇవ్వాలంటే ఇంకా ఎన్నో పరీక్షలుంటాయి. పదేళ్లు పట్టొచ్చు. అసలు రాకపోనూ వచ్చు.”

కోటిలింగం ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

“అంటే మందు లేదా?”

“లేదు.”

“లేకుంటే ఆ ఫొటోలో అంత సంబరంగా ఎందుకు నవ్వినారు?” ఆయన లేచి నిలబడి గట్టిగా అరిచాడు. “మా ఇంటిది ఆ పేపరు దిండు కింద పెట్టుకోనుంది! ఇప్పుడు పోయి దానికి నేనేం చెప్పాల? రండి, మీరొచ్చి చెప్పండి! మీ నోటితో చెప్పండి!”

సెక్యూరిటీ వాళ్లు పరిగెత్తుకొచ్చారు. వాళ్ల వెనకే జకరయ్య వచ్చి వాళ్లను ఆపాడు. రుమాలు తనే ముడివేసి కోటిలింగం చేతిలో పెట్టాడు. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో తనకు తెలిసిన డాక్టరుకు ఫోన్ చేసి, రేపే భార్యను తీసుకురమ్మని చెప్పి, ఆయన్ను ఆటో ఎక్కించాడు.

వినీల ఆయన వైపు తిరిగింది.

“నలుగురిలో నన్ను తిట్టించడానికేనా సర్ ఈ కుర్చీ వేసింది?”

“రేపూ ఇక్కడే,” అన్నాడు జకరయ్య.

మర్నాడూ కూర్చుంది. ఆ మర్నాడూ. కోపంతోనే కూర్చుంది. విలేకరి మీద కోపం, జనం మీద కోపం, అందరికంటే ఎక్కువ గురువు మీద కోపం. ఉద్యోగం మానేద్దామనుకుంది. రోజూ సాయంత్రం ఆయన స్కూటర్ తీస్తుంటే అడ్డం వెళ్లి అడిగేది. “ఇంకెన్నాళ్లు సర్?” ఆయన హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయేవాడు.

మొదట్లో జన్యువుతో మొదలుపెట్టి చెప్పేది. వాళ్లు ఆశగా తలలూపుతుంటే ఇంకా కోపం వచ్చేది. తర్వాత ఆ చెప్పడం మానేసి, ముందే “మందు లేదు” అనడం నేర్చుకుంది. కొందరు తిట్టారు. ఒకావిడ మంచినీళ్లడిగి తాగి వెళ్లిపోయింది. ఒక ముసలాయన “చల్లగా ఉండు తల్లీ” అని నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు.

వారం గడిచాక రజియా వచ్చింది. ఆదోనిలో లెక్కల టీచర్. జబ్బు ఆమెకే. జుట్టు రాలిన తలకు స్కార్ఫ్ కట్టుకుంది. ‘మందు లేదు’ అన్నాక కూడా లేవలేదు.

“ఎలుకకు పనిచేసింది నాకెందుకు పనిచేయదు మేడమ్?”

ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. ఇప్పుడు దాటేయడానికి వినీలకు మనసొప్పలేదు.

“ఎక్కించిన నలుసుల్లో గడ్డ దాకా చేరేవి వందకు ఒకటి కూడా ఉండవు. చాలావరకు కాలేయమే పట్టేసుకుంటుంది. అందుకని ఎలుకకు చాలా ఎక్కువ ఎక్కించాం. మీకు ఆ లెక్కన ఎక్కిస్తే మీ కాలేయం తట్టుకోదేమో.”

“ఈ సంగతి పేపర్లో లేదే?”

“లేదు. విలేకరికి నేను చెప్పలేదు.”

రజియా స్కార్ఫ్ సర్దుకుంది.

“మరి ఆ కాలేయం సంగతి ఎవరు చూస్తున్నారు?”

వినీల వెనక్కి తిరిగి ల్యాబ్ వైపు చూసింది. ఆమె ల్యాబ్‌లో దాన్ని ఎవరూ చూడటం లేదు. అందరూ వేరే రకం గడ్డ మీద ఇదే మందును ప్రయత్నించే హడావిడిలో ఉన్నారు. అది కూడా కరిగితే ఇంకో పరిశోధన పత్రం వస్తుంది.

“ఎవరూ చూడట్లేదా?” అంది రజియా. గొంతు పెంచలేదు. బ్యాగు భుజానికి తగిలించుకుని బస్టాపు వైపు వెళ్లిపోయింది.

వినీల చటుక్కున లేచింది. తలుపు కూడా తట్టకుండా జకరయ్య గదిలోకి దూసుకుపోయింది.

“సర్, కాలేయం. దాన్ని దాటించనంత కాలం మనం చేసిందంతా ఉత్త డాబు. ఎలుకల గడ్డలు కరిగించి ఎవరిని ఉద్ధరించాం? పత్రంలో నేను దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశాను. మీరు చదివారు. మీకు తెలుసు. తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?”

ఆ గదిలో ఎవరూ ఆయనతో అలా మాట్లాడి ఎరగరు. జకరయ్య కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“నేను ఊరుకోకుండా ఉండాల్సింది,” అన్నాడు.

ఆయన ఇంకేమైనా అంటాడేమోనని వినీల నిలబడే ఉంది. కళ్లలో నీళ్లున్నాయి, కానీ తుడుచుకోలేదు.

“గేటు దగ్గర ఇంకా ఎవరైనా ఉన్నారా?” అని అడిగాడు ఆయన.

“ఉన్నారు.”

జకరయ్య లేచి చొక్కా సర్దుకున్నాడు.

“వాళ్లతో నేను మాట్లాడతాను. నువ్వు ల్యాబ్‌లోకి పోయి ఆ కాలేయం సంగతి చూడు.”