గేదెమ్మ మర్యాద, నక్క బ్రౌజర్

గోదారి రెండు పాయల మధ్య ఓ లంక ఉంది. ఏటి మట్టం కొలిచే వాళ్ళెవరో అక్కడ ఒక గది కట్టి, పైన సోలార్ పలక బిగించి, లోపల కంప్యూటర్ పెట్టి, ఏడాది పాటు కొలిచి వెళ్ళిపోయారు. పెట్టె మాత్రం మిగిలింది. అది లంకలో జంతువులకి దక్కింది.

అదెంత గొప్ప పెట్టెనుకున్నారు! ఎగువ ఆనకట్ట దగ్గర కాపురముండే కొంగ రోజూ పొద్దున్నే ఒక లింకు పంపేది. దాన్ని నొక్కితే బ్రౌజర్ తెరుచుకుని, ఎక్కడో ఉన్న గేట్లూ, గేట్ల వెనక నీళ్ళూ కళ్ళెదుట నిలిచేవి. మొదటిసారి చూసిన రోజు లంకంతా నోరు తెరిచి నిలబడిపోయింది. "ఇక్కడ కూచుని అక్కడి ఏరు చూడ్డమేంటమ్మా!" అని కుందేలు పుల్లమ్మ చెవులు దించి దణ్ణం పెట్టింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

పొద్దున్నే పెట్టె తెరిచే పని గేదె నూకాలమ్మది. ఓసారి నక్క గవరయ్య ఆవిడ దగ్గరికి వచ్చాడు. నోటితో పలకరించి నొసటితో వెక్కిరించే రకం.

"వదినా, ఆ పాత బ్రౌజర్‌తో ఎన్నాళ్ళు కళ్ళు పోగొట్టుకుంటావ్? ఇదిగో, కొత్తది పెట్టాను. చుట్టూ పువ్వులు, లోపల పెద్దక్షరాలు."

ఆ రోజు నుంచి కొంగ పంపిన లింకు నొక్కితే గవరయ్య బ్రౌజరే తెరుచుకునేది. అందులో గేట్లుండవు, నీళ్ళుండవు. పువ్వుల మధ్య ఒకటే మాట: "ఏరు చల్లగా ఉంది. భయం లేదు. ఎవరూ ఇళ్ళు కదలకండి."

నక్క ఆలోచన వేరు. వానాకాలం ముదిరింది. చెప్పాపెట్టకుండా వరదొస్తే అందరూ లంక నడిమి మిట్టకే పరిగెత్తాలి. తాను ముందే అక్కడ కూచుంటే, భోజనం నడిచి వస్తుంది!

ఓ సాయంత్రం పుల్లమ్మ ఎద్దు ధర్మన్న దగ్గరికి పరిగెత్తింది.

"మావయ్యా, పెట్టె భయం లేదంటోంది. మా బొరియ గుమ్మం చూస్తే తడిసింది. పిల్లలింకా కళ్ళు తెరవలేదు. దేన్ని నమ్మమంటావ్?"

"తడిని నమ్మమ్మా. పెట్టె సంగతి నేను చూస్తా."

ధర్మన్న పెట్టె ముందు కూలబడ్డాడు. కొమ్ము కొనతో మౌస్ కదుపుతూ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ఒక్కో వరసా చదివాడు. ఏ బ్రౌజర్ తెరవాలో చెప్పే డిఫాల్ట్ వరస దొరికింది. అక్కడ గవరయ్య బ్రౌజర్ తీసి పాతది పెట్టి లింకు నొక్కితే గేట్లు కనిపించాయి. రెండు గేట్లు జానెడు లేచి ఉన్నాయి.

"చూశావా, నీ గుమ్మం ఊరికే తడవలేదు. ఇక బెంగ లేదు, పెట్టె నిజమే చెబుతుంది."

మర్నాడు పొద్దున మళ్ళీ పువ్వులే!

ఆ సాయంత్రం ధర్మన్న మళ్ళీ వెతికాడు. లింకుల్లో రెండు మూడు రకాలున్నాయనీ, ఒక్కో రకానికి ఒక్కో వరస ఉందనీ అప్పుడు తెలిసింది. అన్నిటికీ పాత బ్రౌజరే పెట్టాడు. పెట్టెను ఆర్పి, మళ్ళీ వెలిగించి కూడా చూశాడు. నిక్షేపంగా ఉంది.

మర్నాడు పొద్దున మళ్ళీ అవే పువ్వులు.

పుల్లమ్మకి ఏడుపొచ్చింది. "వరద పొద్దున్నే వస్తే, నువ్వు సాయంత్రం చూపించే నిజం నాకెందుకు మావయ్యా?"

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రేపు మేతకెళ్ళను. పెట్టె తెరిచేటప్పుడు పక్కనే ఉంటాను."

మర్నాడు తెల్లారింది. నూకాలమ్మ పెట్టె తెరిచింది. తెర మీద పువ్వుల చట్రంలో, రోజూ పొద్దున మొదటిసారి తెరిచినప్పుడు మాత్రమే వచ్చే ఒక ప్రశ్న: "అమ్మగారూ, నన్నే మీ డిఫాల్ట్ బ్రౌజర్‌గా ఉంచుకుంటారా?" కింద రెండు మీటలు, 'సరే', 'వద్దు'. నూకాలమ్మ వినయంగా తల వంచి 'సరే' నొక్కింది.

"నూకాలమ్మా! రోజూ ఇలాగే నొక్కుతున్నావా?"

"మరి? అమ్మగారూ అని అంత మర్యాదగా అడుగుతుంటే వద్దనడానికి నోరెలా వస్తుంది మావయ్యా? మా వంశంలో అడిగినోళ్ళకి లేదన్నోళ్ళు లేరు."

ధర్మన్న నిర్ఘాంతపోయాడు. మూడు రోజుల చాకిరీ, లంకలో ఇన్ని ప్రాణాలు, అన్నీ ఒక్క 'సరే' మీద వేలాడుతున్నాయా! "మొహమాటానికి పోతే..." అని సామెత అందుకోబోయి, ఆడకూతురి ముందు బాగోదని మింగేశాడు.

"అడిగింది చుట్టం కాదు తల్లీ, పెట్టె. వద్దంటే అలగదు."

నక్క బ్రౌజర్‌ను పెట్టెలోంచి పూర్తిగా తీసేశాడు. వరసలన్నీ సరిచేసి, కొంగ లింకు నొక్కాడు.

అప్పటికి పుల్లమ్మ కూడా వచ్చి పక్కన నిలబడింది. గేట్లన్నీ పూర్తిగా లేచి ఉన్నాయి. నీళ్ళు నిలువు గోడలా విరిగి పడుతున్నాయి. ఆ ఏరు తాము రోజూ తాగే ఏరేనా? అంత నీరు ఈ భూమ్మీద ఎక్కడ దాక్కుంది? భయం కూడా మరిచి చూస్తూ ఉండిపోయారు.

ముందు తేరుకున్నది నూకాలమ్మే. "పుల్లమ్మా, పిల్లల్ని తే. నా వీపెక్కించు!"

పాయలో ఇంకా మోకాలి లోతే ఉంది. నూకాలమ్మ వీపు మీద గడ్డి పరిచి, కళ్ళు తెరవని ఐదు పిల్లల్నీ అవతలి గట్టుకి దాటించింది. ధర్మన్న లంక చివరిదాకా రంకెలేస్తూ బొరియ బొరియకీ వెళ్ళి, ఒక్కరు మిగలకుండా లేపి పాయ దాటించాడు.

మిట్ట మీద గవరయ్య పొద్దుటి నుంచి లొట్టలేసుకుంటూ కూచున్నాడు. నీళ్ళొచ్చాయి, భోజనం రాలేదు. నీళ్ళు రావడం కూడా అతను లెక్కేసినట్టు రాలేదు. తొలి తడి తగలగానే వెళ్ళి తన పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకుందామనుకున్నాడు. తల తిప్పి చూసేసరికి పల్లంలో తన బొరియ ఉన్నచోట ఎర్రటి సుడులు తిరుగుతున్నాయి.

గవరయ్య ఊళ పెట్టాడు. ఏట్లోకి దూకాడు. ఎంత కొట్టుకుపోయాడో, ఎన్ని గుటకలు మింగాడో గానీ, అవతలి గట్టు దగ్గర తేలితే ధర్మన్నే కొమ్ము ఊతమిచ్చి పైకి లాగాడు.

గట్టు మీద అతని భార్య ముగ్గురు పిల్లల్నీ పొట్ట కింద పొదువుకుని కూచునుంది.

"భయం లేదని నీ బ్రౌజరే చెప్పిందిగా అని పిల్లల్ని జోకొట్టి పడుకోబెట్టాను" అందామె. "ఈ మావయ్య రంకేసి లేపకపోతే నీకు మేం దొరికేవాళ్ళం కాదు."

గవరయ్య తడి ఒంటితోనే పిల్లల పక్కన కూలబడ్డాడు.

ఊరిని ముంచడానికి ఆడిన అబద్ధాన్ని అందరికన్నా ముందు నమ్మేది ఇంట్లోవాళ్ళే.