ముగ్గురు పిల్లలు, ఒకే జాబితా

ఈ కథ మీరెప్పుడూ వినలేదు కదర్రా? దుప్పటి కప్పుకుని వినండి మరి.

అనగనగనగా ఒక కొండ ఊళ్ళో ఒక హాస్టలు బడి. అక్కడ ముగ్గురు పిల్లలకి తిండితో పేచీ. నాగరత్నానికి పల్లీలు పడవు, తింటే గొంతు వాచిపోతుంది. ఈశ్వరుకి పాలు పడవు. లచ్చికి గుడ్డు పడదు. ఇదంతా వంటచేసే సన్యాసమ్మకి నోటికొచ్చు.

అప్పుడు సన్యాసమ్మ కూతురికి నెలలు నిండాయి. పురుడు పోయడానికి వెళ్ళాలి. "కొత్త వంటామెకి ఇవన్నీ ఎవరు చెప్తారు టీచరమ్మా?" అని ఆమెకి ఒకటే దిగులు. సుభాషిణి టీచరుకి జావా అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాములు రాయడం వచ్చు. "నేను కంప్యూటర్లో పెడతాగా" అంది.

టీచరు ఒక మ్యాప్ చేసింది. మ్యాప్ అంటే దేశపటం కాదర్రా, పేర్లు రాసిన కొక్కేల వరస అనుకోండి. ఏ పేరు అడిగితే ఆ కొక్కేనికున్న జాబితా చూపిస్తుంది. టీచరు ఒక జాబితా తీసుకుని, పల్లీలు అని రాసి, నాగరత్నం పేరుకి తగిలించింది. ఆ తర్వాత అదే జాబితా తుడిచి, పాలు అని రాసి, ఈశ్వరు పేరుకి తగిలించింది. ఆ తర్వాత దాన్నే మళ్ళీ తుడిచి, గుడ్డు అని రాసి, లచ్చి పేరుకి తగిలించింది.

పొద్దున కొత్త వంటామె తెర చూసింది. నాగరత్నం పేరు పక్కన గుడ్డు అని ఉంది. "అయితే చట్నీ వెయ్యొచ్చు" అనుకుని, ఇడ్లీ పక్కన గరిటెడు పల్లీ చట్నీ వేసింది. ఆరేళ్ళ పిల్లకి ఏ చట్నీ ఏదో ఏం తెలుసు? చెయ్యి పెట్టింది.

బస్సు కోసం సంచీ భుజానేసుకున్న సన్యాసమ్మ పరుగున వచ్చి కంచం లాగేసింది.

"పల్లీలే తల్లీ అవి! నోట్లో పెట్టావా?"

లేదని తల ఊపింది నాగరత్నం. టీచరు గబగబా నాగరత్నం జాబితా తుడిచి, పల్లీలు అని రాసింది. అప్పుడు ఈశ్వరుకీ పల్లీలే అయ్యాయి, లచ్చికీ పల్లీలే!

"ఇదేం కంప్యూటరు టీచరమ్మా, నా బుర్రే నయం!" అంది సన్యాసమ్మ.

టీచరు మూడు పేర్లూ మళ్ళీ ఒక్కొక్కటే అడిగి చూసింది. ఆ తర్వాత మెల్లిగా అంది: "తప్పు దానిది కాదమ్మా, నాదే. పేర్లు మూడున్నాయి గానీ జాబితా ఒక్కటే. పేరుకి తగిలిస్తే అది నకలు తీసుకోదు, ఆ జాబితా ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుందంతే. నేను ఒకరికని తుడిస్తే ముగ్గురికీ తుడిచినట్టే."

అప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కో కొత్త జాబితా చేసింది. ఈలోగా మొదటి బస్సు వెళ్ళిపోయింది. సన్యాసమ్మ కదల్లేదు. పరీక్షకని లచ్చి జాబితాలో ఉత్తినే చేపలు కలిపి చూపించమంది. కలిపితే, మిగతా ఇద్దరివీ అలాగే ఉన్నాయి. అప్పుడు చేపలు తీసేయించింది. రెండో బస్సూ వెళ్ళిపోయింది. నాగరత్నం అల్లం పచ్చడితో రెండు ఇడ్లీలు తినేదాకా సన్యాసమ్మ పక్కనే కూచుంది.

ఆ తర్వాత మూడో బస్సెక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది: "టీచరమ్మా! ఎవరి జాబితా వాళ్ళకే!"

కథ కంచి దారి పట్టింది,
నిద్ర మీ రెప్పన కూచుంది.
రేపు మీ నేస్తాలకి చెప్పండి,
ఒక్క ముక్కా వదలక చెప్పండి.