కూతురి గది తూము

అనగనగా, పిల్లలూ, చలికాలం వస్తే రాళ్లు కూడా వణికే ఒక కొండ అడవి. ఆ కొండ మీద ఒక వేడినీటి ఊట ఉండేది. ఆ నీళ్లు రాతికాలువ వెంట గుహల ముందు నుంచి కిందికి దిగేవి. ఎవరి గుహకు వాళ్లదే తూము. తూము తీస్తే నీళ్లు లోపలి గుంటలోకి చేరి గుహంతా వెచ్చబడేది.

అన్నిటికన్నా పై గుహ బొంతయ్య అనే ముసలి ఎలుగుది. అతనికి ఒక్కతే కూతురు, తేనెమ్మ. కాలువ చివర, కొండ అడుగున ఆమె కాపురం. ఈమధ్యే కూన పుట్టాడు. మనవణ్ణి ఒక్కసారి ఒళ్లో పడుకోబెట్టుకోవాలని ముసలాయన ప్రాణం కొట్టుకుపోతోంది.

ఏ పొద్దున వస్తుందో ఏమోనని తన గుహలోని కూతురి గదికి ఇంకో తూము పెట్టించాడు. తెల్లవారుతూనే రెండు తూములూ బార్లా తీసేవాడు. వచ్చేవాళ్లు లేరు గానీ గది మాత్రం రోజూ వెచ్చగా ఉండేది.

రమ్మని గువ్వతో కబురు పెట్టాడు. చలి తగ్గాక వస్తానంది తేనెమ్మ. మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే జవాబు.

"గది వెచ్చగా ఉందని చెప్పావా?" అని అడిగాడు బొంతయ్య.

"చెప్పాను మామా. అటు తిరిగి కూనను దగ్గరికి లాక్కుంది" అంది గువ్వ.

తన మీద అలకేమోనని బొంతయ్య మనసు చివుక్కుమంది. మూడోసారి గువ్వను పంపలేదు. తెల్లవారుతూనే తూములు తీసి, మోకాళ్లు పట్టుకుంటూ తనే కొండ దిగాడు. దారిలో ప్రతి గుహ తూమూ తీసే ఉంది. దిగేకొద్దీ కాలువలో నీళ్లు సన్నబడ్డాయి. కూతురి గుమ్మం దగ్గర ఒక్క చుక్కా లేదు. లోపల కూన వణుకుతుంటే తేనెమ్మ వాడి మీదికి వంగి వెచ్చటి ఊపిరి ఊదుతోంది.

"ఎన్నాళ్ల నుంచి తల్లీ ఇలా?"

"నీళ్లు పొద్దెక్కాక వస్తాయి నాన్నా. మంచు పడే వేళకే అందరికీ కావాలి కదా, మా దాకా రావు. ఈ చలిలో వీణ్ణి ఎత్తుకుని కొండెక్కలేను."

"నాకు చెప్పొద్దూ?"

"నా గది వెచ్చగా ఉంచానని అంత సంబరంగా కబురు పెట్టావు. ఎలా చెప్పను?"

 కూతురి కోసం తను దాచిన వెచ్చదనం కూతురిదేనని బొంతయ్యకు అప్పటికి తెలిసింది. ఇంటికొచ్చి ఆ గది తూమును బంకమట్టితో మూసేశాడు. తన తూము పొద్దెక్కాకే తీయసాగాడు. ఇరుగుపొరుగు గుహలకూ వెళ్లి తెల్లవారుజామున వాడకం తగ్గించమని బతిమాలాడు. ఏదుపంది తన పిల్లలందర్నీ ఒకే గదిలోకి సర్ది, తనూ పెట్టించుకున్న రెండో తూమును మూసింది. ఒక్క తూముతో ఏమొరుగుతుందని సణిగిన నక్క కూడా రెండు రోజులకు సిగ్గుపడి పొద్దెక్కేదాకా తన తూము మూసింది.

ఆ మర్నాడు తెల్లవారుతూనే బొంతయ్య వణుకుతూ బయటికొచ్చి కిందికి చూశాడు. కూతురి గుమ్మం ముందు సన్నగా ఆవిరి లేస్తోంది. వాళ్లను చూడాలన్న బెంగ తీరలేదు, ఇంకాస్త పెరిగింది కూడా. అయినా లోపలికి వెళ్లబుద్ధి కాక అక్కడే కూర్చున్నాడు.

"ఇవాళ మావాడు వణక్కుండా నిద్రపోతుంటాడు" అన్నాడు గువ్వతో.

నీతి: అందరికీ అవసరమైన వేళ మన వాడకం కాస్త తగ్గించుకుంటే, చివరి ఇంటి దాకా వెచ్చదనం అందుతుంది.