అంశుమాలిని శయనవ్రతం

పూర్వం త్రేతాయుగంలో, వేగవతీ నదీతీరాన్ని ఏలిన పరమ ధార్మికుడు చిత్రవర్ధన మహారాజు పట్టమహిషి అంశుమాలినీదేవి, రెండుమార్లు గర్భం నిలవక కన్నీరుమున్నీరై, కులదేవతయైన జగద్ధాత్రి సన్నిధిలో కొంగు చాచి, "అమ్మా, ఈసారి నా కడుపు పండించితే ప్రసవమయ్యేదాకా ప్రతి ఉదయం నీకు నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తాను" అని మొక్కుకుంది. ఆ వంశంలో మొక్కు తప్పినవారు లేరు. దేవి కరుణించింది. కాని నాలుగవ మాసంలో, ప్రదక్షిణ చేస్తుండగానే, పట్టుచీర అంచున నెత్తురు కనబడింది.

రాజు కబురందుకుని వచ్చిన ఆయుర్వేద పారంగతుడు మౌంజాయన మహర్షి నాడి పట్టి చూసి, "సాధ్వీ, శిశువు ప్రాణంతోనే ఉంది. నీవు కదిలితే మాత్రం నిలవదు. నేటినుండి ప్రసవందాకా శయ్య దిగరాదు" అని శాసించాడు.

"మరి నా మొక్కో, మహర్షీ?"

"దాని సంగతి దేవి చూసుకుంటుంది. నీవు బిడ్డ సంగతి చూడు."

మహర్షులకేం, చెప్పి వెళ్ళిపోతారు! యుద్ధంలో భర్త రథానికి స్వయంగా పగ్గాలు పట్టిన వీరపత్ని, మందిరం మధ్యనున్న హంసతూలికా తల్పంమీద ఎడమకు ఒత్తిగిలి, దూలాలమీద చెక్కిన చిలుకలను లెక్కపెట్టి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టి, వీవన విసిరే దాసిని కసిరి, అంతలోనే జాలిపడి, క్షణమొక యుగంగా గడిపింది. ఊరికే పడుకోవడమంత ఘోర తపస్సు మరొకటి లేదు. దానికితోడు ఉదయాన గుడిగంట మోగినప్పుడల్లా ఆమె గుండె గుబేలుమనేది. దేవి అలిగితే? మొక్కు తప్పిన పాపం బిడ్డకు తగిలితే?

పన్నెండవనాడు గంట మోగగానే ఇక ఉండబట్టలేక, దాసిని పూలకు పంపి, మంచం దిగి రెండడుగులు వేసింది. మూడవ అడుగుకు నడుములో పోటు పొడిచింది.

"ఎక్కడికమ్మా, ఆ పరుగు?" అంటూ పసుపు ముఖంతో, కాళ్ళకు కడియాలతో ఒక ముసలి మంత్రసాని లోపలికి వచ్చి, ఆమెను పొదివి పట్టుకుని పడుకోబెట్టింది. తరువాత తాను కూర్చోక, తల్పం చుట్టూ తిరగసాగింది. కడియాలు ఘల్లుమంటున్నాయి. అవ్వ ఆగదు.

"అవ్వా, కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు? కాసేపు కూర్చోరాదూ!"

"ఇంకా కాలేదు తల్లీ."

చేసేపనిలేని రాణి విసుక్కుంటూనే ఆ చుట్లు లెక్కపెట్టింది. అవ్వ చెమటలు కక్కుతూ ఆగి, తల్పానికి చేతులు మోడ్చింది. అప్పటికి లెక్క నూట ఎనిమిది. అంశుమాలిని తలెత్తి చూసింది.

ఎదుట అవ్వ లేదు. కోటిసూర్య ప్రభలతో జగద్ధాత్రి నిలిచి ఉంది. "పిచ్చితల్లీ! లోకాలను మోసేదాన్ని, మోసేదాని బాధ నాకు తెలియదా? ప్రాణం నిలిచిన నీ గర్భమే నా గుడి. గుడి కదిలితే నేనెక్కడ ఉండను? నీ మొక్కు నేను తీరుస్తాను, నీవు పడుకో. వరం కోరుకో."

అంశుమాలిని వెక్కివెక్కి ఏడ్చి, "నా బిడ్డ బ్రతకాలి, తల్లీ. నాలా మంచాన ఉన్న గర్భిణులెవరూ తప్పు చేస్తున్నామని కుమిలిపోరాదు" అంది. దేవి "తథాస్తు" అని అంతర్ధానమైంది.

మరునాడు రాజు, రాణి చెప్పినదంతా విని, కిరీటం తీసి పక్కన పెట్టి, తానే తల్పం చుట్టూ నూట ఎనిమిది మార్లు తిరిగాడు. ప్రసవందాకా ఒక్క ఉదయమూ తప్పలేదు. రాణి పడకమీద అటూ ఇటూ పొర్లడం మానలేదు కాని, మంచం మాత్రం దిగలేదు. నెలలు నిండి, అంతఃపురం అదిరేలా ఏడుస్తూ ఆడపిల్ల పుట్టింది.

ఆనాటినుండి ఆ దేశంలో గర్భిణి మంచాన ఉంటే భర్త ఉదయాన్నే ఆమెకు ప్రదక్షిణ చేయడం ఆచారమైంది. ఈ కథ భక్తితో విన్నవారి ఇంట, అటువంటి ఇల్లాలిని చూసి "ఊరికే పడుకుంది" అనే మాట ఎవరి నోటా రాదు.